నొక్కినవాళ్లకే తుపాను

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, వేట నిషేధం ముగిసే జూన్ నెలలో, నన్ను విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు దగ్గరున్న ఒక సమాచార కేంద్రానికి సీనియర్ సిస్టమ్స్ ఆఫీసరుగా బదిలీ చేశారు. ఆ కేంద్రం ఇప్పుడు వేరే శాఖలో కలిసిపోయింది కాబట్టి పేరు చెప్పను. మత్స్యకారులకు పనికొచ్చే కబుర్లను వెబ్‌సైటులో పెట్టడం మా పని. వాతావరణ హెచ్చరికలు, రేవులో చేపల ధరలు, పడవల రిజిస్ట్రేషన్, వలల మరమ్మతు శిబిరాలు, కార్యక్రమాల ఫొటోలు, కేంద్రం వార్తలు అని మొత్తం ఆరు గడులు. గడి అంటే తెరమీద కనిపించే చదరం. దాన్ని నొక్కితే లోపలి పేజీ తెరుచుకుంటుంది. కంప్యూటరులో ఆరూ ఒకేసారి కనిపిస్తాయి. ఫోన్లో మాత్రం పైనున్న రెండే కనిపిస్తాయి, మిగతా నాలుగూ కావాలంటే వేలితో పైకి తోయాలి. ఈ చిన్న వివరం గుర్తుంచుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

నేను చేరేటప్పటికి వాతావరణ హెచ్చరిక మొదటి గడిలో ఉండేది. వాతావరణ కార్యాలయం నుంచి బులెటిన్ రాగానే దాన్ని నాలుగు ముక్కల్లో తెలుగులో రాసి, చదువు రానివాళ్ల కోసం నా గొంతుతోనే చదివి రికార్డు చేసి, 'వినండి' అనే మీట కింద పెట్టేదాన్ని. గొంతు అరువిచ్చేవాళ్లెవరూ ఆఫీసులో దొరకలేదు. గాజువాక చర్చి క్వయరులో ముప్పై ఏళ్లు పాడినదాన్ని కాబట్టి నాది ఫరవాలేదనిపించింది. ఇది కాక, హెచ్చరిక వచ్చిన రోజున మైకు కట్టిన ఆటో ఒకటి జాలరిపేట మీదుగా తిరిగి వచ్చేది.

మా డైరెక్టరు శేషగిరిరావు గారు మర్యాదస్తులు. ఎవరినీ కసిరి ఎరగరు. ఏ కాగితాన్నీ కాదనరు, అవుననరు. కొత్తదనం మీద ఆయనకు గౌరవం ఎక్కువ. ఆ ఏడాది ఆగస్టులో హైదరాబాదు నుంచి వంశీధర్ అనే సలహాదారును పిలిపించారు. నలభై దాటిన మనిషి, మాట నెమ్మది. అందరికీ ఒకే పేజీ చూపించడం పాతకాలపు పద్ధతని, ఇప్పుడు వాడుకరి ప్రవర్తనను బట్టి పేజీ తనంతట తానే అమరుతుందని ఆయన మాకు రెండు రోజులు పాఠం చెప్పారు. ఎవరు ఏ గడిని ఎన్నిసార్లు నొక్కారో యంత్రం లెక్కపెడుతుంది. ఎక్కువ నొక్కింది పైకి వస్తుంది, నొక్కనిది కిందికి పోతుంది. పెళ్లి భోజనాల దగ్గర ఎవరికి ఏది ఇష్టమో చూసి వడ్డించేవాడిలాంటిదన్నమాట, అన్నారు వంశీధర్. డైరెక్టరు గారికి ఆ పోలిక ఎంత నచ్చిందంటే, ఆ తరవాత ఏ మీటింగుకు వెళ్లినా వడ్డన గురించే మాట్లాడేవారు.

కొత్త ఏర్పాటు వస్తోంది కాబట్టి మైకు ఆటోను ఆపేశారు. మైకు సెట్టు స్టోరులోకి వెళ్లింది. ఆటో అవసరమైనవాడికీ లేనివాడికీ ఒకే విధంగా అరుస్తుందని, అందులో వ్యక్తిగత శ్రద్ధ లేదని ఫైలులో రాశారు.

కొత్త ఏర్పాటును వాడకంలోకి తెచ్చే ముందు అంగీకార పరీక్ష అని ఒకటి జరుగుతుంది. అన్నీ సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసి, బాధ్యుడైన ఆఫీసరు పత్రం మీద సంతకం చేయాలి. ఆ సంతకం నాదే. నా ఫోన్లో చూశాను. గడులు చెప్పినట్టే కదులుతున్నాయి, హెచ్చరిక మొదటి స్థానంలో ఉంది. ఎందుకుండదు? నేను పెట్టిన హెచ్చరిక సరిగా కనిపిస్తోందో లేదోనని రోజుకు పదిసార్లు నేనే నొక్కుతాను. యంత్రం దృష్టిలో విశాఖ తీరం మొత్తానికి తుపానుల మీద అంత మక్కువ ఉన్న మనిషి మరొకరు లేరు. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు. సంతకం పెట్టేశాను.

రెండు నెలలు అందరూ సంతోషంగా ఉన్నారు. డైరెక్టరు గారు తమ ఫొటోలున్న గడిని ప్రతి ఉదయం తెరిచి చూసుకునేవారు. యంత్రం అది గ్రహించి ఫొటోలను మొదట పెట్టింది, ఆ ఫొటోల్లోనూ ఆయన ఉన్నవాటిని ముందుకు తెచ్చింది. ఇంత చక్కటి వెబ్‌సైటు దేశంలో మరొకటి ఉండదని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. పరిపాలనాధికారి ఫోన్లో కేంద్రం వార్తల గడి, అందులోని సెలవుల జాబితా పైకి వచ్చాయి, ఆయనకూ బాగుందనిపించింది. ఎవరి పేజీ వారికి ముద్దుగా ఉండటంతో ఎవరూ పక్కవాడి పేజీ చూడలేదు. వంశీధర్ సలహా మీద మేం ఒక జాతీయ పురస్కారానికి దరఖాస్తు కూడా పెట్టుకున్నాం. న్యాయనిర్ణేతలు చూసి వెళ్లేదాకా వెబ్‌సైటులో చిన్న మార్పు కూడా చేయరాదని డైరెక్టరు గారు ఉత్తర్వు ఇచ్చారు. దాన్ని మా భాషలో ఫ్రీజు అంటారు.

ఆ ఫ్రీజులో ఉండగానే, అక్టోబరులో ఒక ఉదయం పది గంటల ప్రాంతంలో బులెటిన్ వచ్చింది. వాయుగుండం బలపడుతోంది, సాయంత్రం నుంచి ఈదురుగాలులు వీస్తాయి, వేటకు వెళ్లరాదు, వెళ్లినవారు వెంటనే ఒడ్డుకు రావాలి. ఎప్పటిలాగే తెలుగు చేసి, చదివి, ఎక్కించాను. నా ఫోన్లో అన్నిటికంటే పైన ఎర్రగా కనిపించింది. నా పని అయిపోయిందనుకున్నాను.

మధ్యాహ్నం భోజనం డబ్బా తెరుస్తుంటే ఇద్దరు ఆలుమగలు గుమ్మంలోకి వచ్చారు. ఆయన పేరు నూకరాజు, జాలరిపేటలో సొంత మోటారు పడవ ఉంది. ఆవిడ పైడమ్మ, గంపతో చేపలమ్ముతుంది. ఇద్దరి చేతుల్లో రెండు ఫోన్లున్నాయి. దారి పొడుగునా పోట్లాడుకుంటూ వచ్చినట్టు ముఖాలే చెబుతున్నాయి. నూకరాజు రెండు ఫోన్లూ తీసి నా బల్ల మీద పక్కపక్కనే పెట్టాడు.

"మేడమ్, ఇద్దరం మీ ఆపీసు బొమ్మే సూత్తన్నాం. దీని ఫోన్ల గాలొత్తాది ఎల్లొద్దంతాంది. నా ఫోన్ల కోనాం సేప రేటు పెరిగిందంతాంది. నాలుగింటికి నాను ఏటకెల్లాల. ఏ ఫోను అబద్దమాడతాందో సెప్పండి."

రెండూ చూశాను. అతని ఫోన్లో మొదట చేపల ధరలు, తరవాత పడవల రిజిస్ట్రేషన్. వేలితో తోసుకుంటూ పోతే అయిదో గడిలో, ఫొటోల కింద, ఉంది హెచ్చరిక. పైడమ్మ ఫోన్లో మాత్రం నా ఫోన్లో ఉన్నట్టే మొట్టమొదట ఉంది. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఇంతకు ముందు హెచ్చరికను ఎప్పుడైనా నొక్కారా అని నూకరాజును అడిగాను. నొక్కడమెందుకు, పైన ఉంటే కంటికి కనిపించేది, చదువుకునేవాణ్ణి అన్నాడు. ఈ మధ్య కనిపించటం లేదు కాబట్టి హెచ్చరికలేవీ లేవనుకున్నాడట. అదే ప్రశ్న పైడమ్మను అడిగాను.

"నాకు సదువు రాదమ్మా," అంది. "నొక్కితే మాటాడతాది. అందికే తెల్లారి లేసి నొక్కుతాను, సందేలా నొక్కుతాను. ఏటీ లేదని సెప్పినా ఇనుకుంటాను." ఆ తరవాత నన్ను కాస్త పరకాయించి చూసింది. "ఆ గొంతు మీదేనా?"

నాదేనన్నాను. అప్పటికి నాకు విషయం పూర్తిగా బోధపడింది. చదువు వచ్చినవాడు గడి మీదున్న ముక్కను చదివి ఊరుకుంటాడు, నొక్కడు. నొక్కలేదు కాబట్టి అతనికి ఆసక్తి లేదని యంత్రం లెక్క. పైగా ఆగస్టు నుంచీ దాదాపు ప్రతి రోజూ ఆ గడిలో 'హెచ్చరికలు ఏమీ లేవు' అనే ఉంది. ఏమీ లేదని చెప్పేదాన్ని పనిగట్టుకుని నొక్కేవాళ్లెవరుంటారు? రెండు నెలలు సముద్రం మంచిగా ఉన్న పాపానికి, సముద్రం గురించి ఎవరికీ పట్టలేదని మా యంత్రం తేల్చుకుంది. తీరం పొడుగునా చదువుకున్న వాళ్ల ఫోన్లన్నిటిలోనూ తుపాను అయిదో గడిలో ఉంది. చదువు రానివాళ్లకే మొదట కనిపిస్తోంది.

నూకరాజుతో పడవ దింపవద్దని చెప్పి, ఇద్దరినీ వరండాలో కూర్చోమని, నోటు రాయడం మొదలుపెట్టాను. మా దగ్గర ఏ పని కావాలన్నా ఫైలులో నోటు పెట్టాలి, డైరెక్టరు గారు దాని కింద రాయాలి. ప్రవర్తనను బట్టి చూపించే పద్ధతిని వెంటనే ఆపి, హెచ్చరికను అందరికీ మొదటి గడిలో పెట్టడానికి అనుమతి కోరుతున్నాను, అని అయిదు వాక్యాల్లో రాసి పట్టుకెళ్లాను. ఆయన చదివారు. పెన్ను తీసి 'చర్చించండి' అని రాశారు. అంటే మాట్లాడుకుందాం అని. నేను ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నాను కాబట్టి చర్చ అక్కడే మొదలైంది. పరిపాలనాధికారిని పిలిచారు. వంశీధర్ హైదరాబాదు నుంచి తెరమీదికి వచ్చారు.

డైరెక్టరు గారు ముందుగా సొంత ఫోను తెరిచి చూశారు. హెచ్చరిక ఎక్కడమ్మా, నాకెక్కడా కనిపించటం లేదే అన్నారు. వేలితో పైకి తొయ్యమన్నాను. తోస్తూ తోస్తూ దారిలో వలల శిబిరం ప్రారంభోత్సవం ఫొటో దగ్గర ఆగిపోయారు. పరిపాలనాధికారి తన ఫోన్లో దసరా సెలవులు మాత్రమే ఉన్నాయని, ఆందోళన పడాల్సిందేమీ కనిపించలేదని చెప్పారు. నా ఫోను చూపించాను. అది ఎర్రగా ఉంది. ముగ్గురి ముందూ మూడు ఫోన్లున్నాయి, మూడు సముద్రాలున్నాయి. మెజారిటీ ప్రకారం సముద్రం ప్రశాంతంగా ఉంది.

వంశీధర్ చాలా మర్యాదగా మాట్లాడారు. యంత్రం తప్పేమీ చేయలేదని, వాడుకరులకు హెచ్చరికల మీద ఆసక్తి లేదని వాళ్ల ప్రవర్తనే చెబుతోందని, ఆసక్తి లేనిదాన్ని ముందు పెట్టడం వాడుకరిని అగౌరవపరచడమేనని అన్నారు. ఈ రోజు వాళ్లకు ఆసక్తి కలిగితే నొక్కుతారు, నొక్కితే రేపటికల్లా పైకి వస్తుంది అని భరోసా కూడా ఇచ్చారు. రేపటికల్లా గాలి వచ్చి వెళ్లిపోతుందని నేనన్నాను. డైరెక్టరు గారు ఇద్దరి మాటలూ సబబేనన్నారు. న్యాయనిర్ణేతలు ఎల్లుండి చూస్తారు, ఎల్లుండి సాయంత్రం తప్పకుండా మార్చుకుందాం, అంతదాకా ఫైలు నా దగ్గరే ఉంచండి అన్నారు.

నేను నా గదిలోకి వచ్చేసరికి రెండుంబావు. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను రాతపూర్వకమైన ఉత్తర్వును దాటిందీ లేదు, దాటేవాళ్లను మెచ్చుకుందీ లేదు. ఆ రోజు ధైర్యంతో చేశానని కూడా చెప్పను. అంగీకార పత్రం మీదున్న నా సంతకం కళ్లముందు కనిపిస్తుంటే భయమేసి చేశాను. సైటు తాళం చెవి, అంటే అన్నిటినీ మార్చగల పాస్‌వర్డు, నా దగ్గరుంది. అమరికల పేజీలో 'అందరికీ ఒకే పేజీ' అనేదాన్ని ఎంచుకున్నాను. హెచ్చరికను మొదటి గడిలో పెట్టాను. సైటులో చేసే ప్రతి మార్పునూ నమోదు చేసే లాగ్ పుస్తకంలో సమయం, చేసిన పని, కారణం రాసి, ఉత్తర్వు లేకుండా చేశానని కూడా రాసి సంతకం చేశాను.

వరండాలోకి వచ్చి, పేజీ సరిచేశాను, ఇప్పుడందరికీ కనిపిస్తుందని పైడమ్మకు చెప్పాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది.

"ఇప్పుడెవలు సూత్తారమ్మా ఫోన్లు? అందరూ వలలు పడవలకెక్కిత్తన్నారు. ఏదీ, ఆ మైకు ఆటో ఏదీ?"

మైకు సెట్టు స్టోరులోంచి తీయాలంటే ఇండెంటు రాయాలి. రాశాను. కారణం అనే చోట 'హెచ్చరిక' అని వేశాను. నూకరాజు రోడ్డు మీదికెళ్లి తనకు తెలిసిన ఆటోను తీసుకొచ్చాడు. ఆటోలో కూర్చున్నాక చూసుకుంటే, నేను హడావుడిలో బులెటిన్ కాగితం బల్ల మీదే వదిలేశాను. పైడమ్మ తన ఫోను తీసి మైకు దగ్గర పెట్టి మీట నొక్కింది. జాలరిపేట ఇసుకంతా నా గొంతు వినిపించింది. ఆగిపోగానే మళ్లీ నొక్కింది. అలా ఎన్నిసార్లు నొక్కిందో నేను లెక్కపెట్టలేదు, యంత్రం పెట్టి ఉంటుంది. పడవల దగ్గరున్నవాళ్లు మొదట నవ్వారు. తరవాత ఒకరిద్దరు ఫోన్లు తీసి చూశారు. నూకరాజు దిగి, ఒక్కో పడవ దగ్గరికీ వెళ్లి, "ఏటి బావా, ఇనబడతాందా?" అని అడుగుతూ పోయాడు. నాలుగున్నరకు పడవలన్నీ ఒడ్డున పైకి లాగి ఉన్నాయి.

అప్పటికే రెండు వెళ్లిపోయాయి. హార్బరు వాళ్లు వైర్‌లెస్‌లో పిలిస్తే ఒకటి వెనక్కి తిరిగింది. రెండోదాని సెట్టు పలకలేదు. అది అప్పన్న అనే ఆయన పడవ. మర్నాడు పొద్దెక్కాక ఇంజను చెడి, వలలు పోయి, కొట్టుకుంటూ భీమిలి వైపు ఒడ్డుకు చేరింది. నలుగురూ బతికారు. అప్పన్న కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది.

ఏ ఫోనుకు ఏ గడి ఎక్కడ చూపించిందో యంత్రం రాసుకునే లాగ్ తీసి చూశాను. అప్పన్న ముందు రోజు పన్నెండింటికి మా సైటు తెరిచాడు. చేపల ధరలు చూసుకుని మూసేశాడు. హెచ్చరిక అతని ఫోన్లో ఆరో గడిలో ఉంది. ఆసుపత్రికి వెళ్లాను. జరిగింది చెప్పబోతే అతనే ముందు అందుకున్నాడు.

"తప్పు నాదేనండి మేడమ్. మీరు ఏసే ఉంటారు, నాను సూసుకోలేదు."

మీరు చూసుకోలేదని కాదు, మేం మీకు చూపించలేదని చెప్పాను. అతను నమ్మలేదు. ప్రభుత్వం వెబ్‌సైటు ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకొకలా ఎందుకు చెబుతుందని అడిగాడు. నేను పెళ్లి వడ్డన పోలిక చెప్పలేకపోయాను.

విచారణ జరిగింది. మొదటి ముసాయిదాలో ప్రమాదానికి కారణం 'వాడుకరి అజాగ్రత్త' అని ఉంది. ఆలోగా నాకు మెమో వచ్చింది. ఫ్రీజు ఉత్తర్వును ఉల్లంఘించినందుకు, స్టోరు సామగ్రిని ప్రచారానికి వాడినందుకు సంజాయిషీ ఇవ్వమని. సంజాయిషీతో పాటు మూడు కాగితాలు జతచేశాను. అప్పన్న ఫోనుకు మేం చూపించిన గడుల క్రమం, 'చర్చించండి' అని ఉన్న నోటు నకలు, నా సంతకంతో ఉన్న అంగీకార పత్రం. మూడో కాగితం ఎందుకు పెట్టావని పరిపాలనాధికారి నొచ్చుకున్నారు. అది లేకపోతే రెండోదాన్ని బయటపెట్టే అర్హత నాకు లేదనిపించిందన్నాను. తుది నివేదికలో 'వాడుకరి అజాగ్రత్త' పోయి 'సమాచార అమరికలో పరిమితి' అని వచ్చింది. అప్పన్నకు ఆ మాటల తేడా పనికొచ్చింది, బోటుకు నష్టపరిహారం ఇవ్వబోమని మొండికేసిన బీమా వాళ్లు దిగివచ్చారు. నన్ను లిఖితపూర్వక హెచ్చరికతో వదిలేశారు. ఆ ఏడాది మా కేంద్రం జారీచేసిన హెచ్చరికల్లో, చేరాల్సిన మనిషికి రిజిస్టర్డ్ పోస్టులో చేరింది అదొక్కటే.

పురస్కారం కూడా వచ్చింది. ప్రవర్తనను బట్టి పేజీని అమర్చే మా విధానం, చదువు రాని ఒక మత్స్యకార మహిళ అలవాటును గుర్తించి, ఆమెకు సకాలంలో హెచ్చరిక అందించి, పడవలను కాపాడిందని దరఖాస్తుకు డైరెక్టరు గారు ఒక అనుబంధం పంపారు. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. అప్పన్న గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. సభలో పైడమ్మను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమన్నారు. ఆవిడ మైకు పట్టుకోవడంలో తడబడలేదు.

"నానేటీ సెయ్యలేదండి. సదువు రాక నొక్కాను. సదువొచ్చినోల్లకి ఎందుకు సెప్పలేదో ఈ బాబుల్నడగండి."

సభ చప్పట్లు కొట్టింది. పక్కనున్న ఉత్తరాది అతిథులకు డైరెక్టరు గారు దాన్ని ఇంగ్లీషు చేశారు. ఆమె మా కేంద్రానికి కృతజ్ఞతలు తెలుపుతోందన్నారు. వాళ్లూ కొట్టారు.

ఆ వారంలోనే ఒక సర్క్యులర్ వచ్చింది. హెచ్చరిక గడిని ఎవరి ప్రవర్తనతోనూ నిమిత్తం లేకుండా మొదటే ఉంచాలని, మిగిలిన అయిదింటినీ వడ్డనకు వదిలేయవచ్చని. మైకు ఆటోను పునరుద్ధరించారు. అందులో వ్యక్తిగత శ్రద్ధ లేదన్న అభ్యంతరాన్ని ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. నొక్కిన మీట మనిషి ఏం చేశాడో చెబుతుంది. నొక్కని మీట ఏమీ చెప్పదు, దాన్నుంచి అర్థం లాగడం మన సొంత కల్పన. మనిషి తెలుసుకోవాలనుకునేది వేరు, అతనికి తెలియాల్సింది వేరు. మొదటిదాన్ని యంత్రం చూసుకోగలదు. రెండోదాన్ని ఎవరో ఒక ఉద్యోగి తన పేరు రాసి, తన బాధ్యత మీద, అడిగినా అడగకపోయినా ముందు పెట్టాలి. కొత్త ఏర్పాటును పరీక్షించేటప్పుడు, దానివల్ల నష్టపోయే అవకాశం ఉన్నవాడి ఫోను అడిగి తీసుకుని చూడాలి. పదవీ విరమణ నాడు ఛార్జి అప్పగిస్తూ కొత్త ఆఫీసరుకు ఈ నాలుగు ముక్కలే చెప్పాను. ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. చదువుకున్నారో లేదో నాకు తెలియదు.